ఊక లెక్క, కట్టె లెక్క

కట్టె పొడిని అదిమి చేసిన పెల్లెట్లు కార్బన్ తటస్థమైన ఇంధనం అనడానికి ఆధారం ఒకే ఒక్క వాదన. చెట్టు పెరిగేటప్పుడు గాలిలోని కార్బన్ డయాక్సైడును తీసుకుంటుంది. కాలినప్పుడు అదే తిరిగి గాలిలో కలుస్తుంది. మరో చెట్టు పెరిగి దాన్ని మళ్లీ తీసుకుంటుంది. జమకూ ఖర్చుకూ సరి. రసాయనశాస్త్రం వైపు నుంచి ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. చిక్కంతా 'మళ్లీ' అనే మాటలో ఉంది. ఎన్నేళ్లకు మళ్లీ? ఆ నేలలోనేనా, వేరే చోటా? నరకకుండా వదిలేస్తే ఆ చెట్టు ఏమయ్యేది? ఈ మూడింటికీ జవాబు తెలియనిదే ఏ కట్టెనూ తటస్థమని గానీ, కాదని గానీ తేల్చడం కుదరదు.

చలిదేశాల్లో ఈ పెల్లెట్లను ఇళ్లు వెచ్చగా ఉంచుకోవడానికి కాలుస్తారు. కొల్లేరు సరస్సులోని లంక ఊరు కొల్లేటికోటలో ఆ అవసరం ఏ పుష్యమాసపు తెల్లవారుజామునా రాదు. అయినా కొల్లేటి చుట్టుపక్కల వేడితో పనిపడేవాళ్లకు కొదవ లేదు. తాడేపల్లిగూడెం వైపు ఉప్పుడు బియ్యం మిల్లులకు వడ్లు ఉడకబెట్టడానికీ ఆరబెట్టడానికీ ఆవిరి కావాలి. చేపల మేత, రొయ్యల మేత తయారుచేసే ఫ్యాక్టరీలకూ ఆవిరే కావాలి. ఇటుక బట్టీకి మంట కావాలి. జంగారెడ్డిగూడెం మెట్టలో వర్జీనియా పొగాకు వేసిన రైతుకు ఆకు ఆరబెట్టే బ్యారన్ వేడెక్కాలి. డెల్టాలో ఈ వేడి ఎక్కువగా ఊక నుంచి, మెట్టలో కట్టె నుంచి వస్తుంది. కొల్లేటిలో పెరిగే కలుపును కూడా ఇంధనం చేయవచ్చన్న ఆలోచన అప్పుడప్పుడూ వినిపిస్తూ ఉంటుంది. పక్కపక్కనే ఉన్న ఈ మూడు నేలల్లో కార్బన్ లెక్క మూడు రకాలుగా తేలుతుంది.

ముందు మంట సంగతి. ఎండిన కట్టె బరువులో దాదాపు సగం కార్బన్. కిలో ఎండు కట్టె పూర్తిగా కాలితే సుమారు 1.8 కిలోల కార్బన్ డయాక్సైడు వస్తుంది. వేడిని బట్టి పోల్చడానికి గిగాజౌల్ అనే కొలత వాడతారు. వంటింటి గ్యాస్ సిలిండర్ ఒకటిన్నర కాలిస్తే వచ్చే వేడి ఇంచుమించు ఒక గిగాజౌల్. వాతావరణ మార్పులపై ఏర్పడిన అంతర ప్రభుత్వ సంఘం ఇచ్చిన ప్రమాణాల ప్రకారం ఒక గిగాజౌల్ వేడికి కట్టె 112 కిలోల కార్బన్ డయాక్సైడు విడుదల చేస్తుంది. రాతిబొగ్గు సుమారు 95, డీజిల్ 74, వంటగ్యాస్ 63, సహజవాయువు 56. అంటే పొగగొట్టం దగ్గర నిలబడి కొలిస్తే కట్టె బొగ్గును మించిపోతుంది. పైగా కట్టెలో తేమ ఉంటుంది. ఆ నీటిని ఆవిరి చేయడానికే కొంత వేడి ఖర్చయిపోతుంది కాబట్టి తేడా ఇంకా పెరుగుతుంది. తటస్థమన్న మాట పొగగొట్టం దగ్గర పుట్టింది కాదు. అది పుట్టింది లెక్కల పుస్తకంలో.

దేశాలు తమ ఉద్గారాలను ఐక్యరాజ్యసమితికి నివేదించేటప్పుడు, చెట్టు నరికినప్పుడే దానిలోని కార్బన్ పోయినట్టు భూమి, అడవుల పద్దులో రాస్తాయి. అదే కార్బన్‌ను కాల్చినప్పుడు ఇంధన పద్దులో కూడా రాస్తే ఒకే ఖర్చు రెండుసార్లు పడుతుంది. ఆ పొరపాటు జరగకుండా ఇంధన పద్దులో కట్టెకు సున్నా వేశారు. అడవి పద్దు సరిగ్గా రాసినంత కాలం ఈ ఏర్పాటులో దోషం లేదు. కాలక్రమంలో ఆ సున్నా ఒక్కటే బయటికి వచ్చి ప్రచారంలో పడింది. ఐరోపా సంఘం 2009లో చేసిన పునరుత్పాదక ఇంధన నిబంధనల్లో బయోమాస్ మంటకు సున్నా లెక్క కట్టారు. అదే ఏడాది తిమోతి సెర్చింజర్, ఆయన సహ శాస్త్రవేత్తలు 'సైన్స్' పత్రికలో ఈ లెక్కలోని లోపాన్ని ఎత్తి చూపారు. కట్టె కొనే దేశం తన ఇంధన పద్దులో సున్నా రాసుకుంటుంది. అమ్మే దేశం అడవి పద్దును పట్టించుకోకపోతే ఆ కార్బన్ ఏ పుస్తకానికీ ఎక్కదు. గాలికి మాత్రం చేరుతుంది.

డెల్టా ఊక

గోదావరి జిల్లాల్లో వడ్ల బస్తా అంటే 75 కిలోలు. మిల్లాడిస్తే అందులో అయిదో వంతు, అంటే దాదాపు 15 కిలోలు ఊక. తవుడు, నూకలు వేరు, వాటికి తినేవాళ్లున్నారు. ఊకను పశువు కూడా ముట్టదు. అందులో సిలికా ఎక్కువ. కాలిస్తే బరువులో 15 నుంచి 20 శాతం బూడిదగా మిగులుతుంది, ఆ బూడిదలో పదింట తొమ్మిది వంతుల దాకా సిలికాయే. కిలో ఊకలో 13, 14 మెగాజౌళ్ల వేడి ఉంటుంది. మూడు నాలుగు బస్తాల వడ్ల నుంచి వచ్చే ఊకలో ఒక గ్యాస్ సిలిండరంత వేడి దాగి ఉందన్నమాట. మన దేశపు బొగ్గులో బూడిద 35, 40 శాతం ఉంటుంది కాబట్టి, బరువుకు బరువు చూస్తే ఊక బొగ్గు కంటే మరీ తీసికట్టేమీ కాదు.

ఉప్పుడు బియ్యం మిల్లు ఈ వేడిని ఎలా వాడుకుంటుందో చూస్తే ఊక విలువ తెలుస్తుంది. టన్ను వడ్లను నానబెట్టి ఆవిరి పట్టిస్తే తేమ 14 శాతం నుంచి 35 శాతం దాకా ఎక్కుతుంది. ఆరబెట్టేటప్పుడు దాదాపు 320 కిలోల నీరు పోవాలి. అంత నీటిని ఆవిరి చేయడానికి తక్కువలో తక్కువ 0.7 గిగాజౌళ్లు పడుతుంది. బాయిలర్‌లో, గొట్టాల్లో, డ్రయర్‌లో పోయేది కలుపుకుంటే దానికి రెట్టింపు. అదే టన్ను వడ్ల నుంచి వచ్చిన 200 కిలోల ఊకలో 2.7 గిగాజౌళ్లున్నాయి. మిల్లు తన పొయ్యి తాను మండించుకోగా ఇంకా కొంత మిగులుతుంది. పచ్చిబియ్యం మిల్లులో ఉడకబెట్టే పనే లేదు కాబట్టి మిగులు మరింత ఎక్కువ. ఆ మిగులే ఇటుక బట్టీలకూ, హోటళ్ల పొయ్యిలకూ పోయేది. రేకు డబ్బా మధ్యలో గొట్టం నిలబెట్టి, చుట్టూ ఊక గానీ రంపపు పొట్టు గానీ దిట్టంగా కూరి, గొట్టం లాగేసి వెలిగించే పొట్టు పొయ్యి ఒక తరం కిందట టీ కొట్లలో మామూలు దృశ్యం. పొట్టును అదిమి సాంద్రత పెంచితే మంట నిలకడగా సాగుతుందని ఆ పొయ్యి కూరినవాళ్లకు అప్పుడే తెలుసు. పెల్లెట్ కిటుకూ అదే.

కార్బన్ లెక్కలో ఊకకు అనుకూలమైన సంగతి ఒకటుంది. వరి ఊక కోసం పండించరు. ఊక కాల్చినా కాల్చకపోయినా సార్వాకూ దాళ్వాకూ నాట్లు పడుతూనే ఉంటాయి. గాలిలోంచి ఆ కార్బన్‌ను తీసుకున్నది అయిదారు నెలల కిందటి పైరు. వచ్చే కారులో మరో పైరు అంతా తీసుకుంటుంది. అప్పు ఏడాదిలోపే తీరిపోతుంది. పైగా కుప్ప పోసి వదిలేసినా ఊక కార్బన్ ఎటూ గాలిలోకి పోయేదే. నెమ్మదిగా కుళ్లుతుంది. వానకు తడిసి గాలాడని కుప్ప అడుగున కొంత మీథేన్ కూడా పుడుతుంది. వందేళ్ల లెక్కలో కిలో మీథేన్ దాదాపు 27 కిలోల కార్బన్ డయాక్సైడుకు సమానం. టన్ను ఊకలో సుమారు 370 కిలోల కార్బన్ ఉందనుకుని, అందులో నూటికి అయిదు వంతులు మాత్రమే మీథేన్‌గా మారిందనుకుంటే, దాని ప్రభావం 670 కిలోల కార్బన్ డయాక్సైడుకు సరితూగుతుంది. అదే టన్ను ఊక శుభ్రంగా మండితే వచ్చేది 1,350 కిలోలు. ఆ మంట బొగ్గును తప్పిస్తే, ఆ మేరకు బొగ్గు నుంచి రావలసిన దాదాపు 1,300 కిలోలు రాకుండా పోతాయి. ఊక ఏం చేసినా గాలిలోకి పోయేదే అయినప్పుడు, ఆ 1,300 అచ్చంగా లాభం కింద రాసుకోవచ్చు.

ఈ లాభంలోంచి పెల్లెట్ చేసే ఖర్చు తీసేయాలి. కైకలూరు వైపు గుళికలంటే చేలో చల్లే పురుగుమందు గుర్తుకొస్తుంది, లేదా చేపల చెరువులో వేసే మేత. ఇంధనపు గుళిక మూడోది. మేత గుళిక చేసే యంత్రమూ దీన్ని చేసే యంత్రమూ వరసకు అన్నదమ్ములు. చిల్లులున్న ఉక్కు డై మీద రోలర్లు తిరుగుతూ పొడిని ఆ చిల్లుల గుండా నెట్టుతాయి. ఒత్తిడికి పుట్టిన వేడిలో కట్టెలోని లిగ్నిన్ మెత్తబడి జిగురులా పట్టుకుంటుంది. 6 నుంచి 8 మిల్లీమీటర్ల లావున, నీళ్లలో వేస్తే మునిగిపోయేంత గట్టిగా గుళిక బయటికొస్తుంది. టన్నుకు నూరు యూనిట్ల కరెంటు పట్టిందనుకుందాం. మన గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడు లెక్కన 70 కిలోలు. తప్పించిన 1,300తో పోలిస్తే అయిదు శాతం పైచిలుకు.

తర్వాత లారీ. చాలామందికి మొదట అనుమానం వచ్చేది ఇక్కడే: ఇంత దూరం డీజిల్ కాల్చి తెస్తే ఇంక లాభమేముంది? లెక్క వేస్తే ఆ అనుమానం నిలవదు. తాడేపల్లిగూడెం నుంచి ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ కేంద్రం దాకా నూరు కిలోమీటర్లకు పైనే. లీటరుకు నాలుగు కిలోమీటర్ల చొప్పున నూరు కిలోమీటర్లు పోయి రావడానికి 50 లీటర్ల డీజిల్, లీటరుకు 2.7 కిలోల లెక్కన దాదాపు 135 కిలోల కార్బన్ డయాక్సైడు. లారీలో 16 టన్నుల పెల్లెట్లుంటే టన్నుకు పడేది 8 కిలోలే. అదే లారీలో ఊక వదులుగా పోస్తే మూడు, మూడున్నర టన్నులకే అంచుదాకా నిండిపోతుంది. అప్పుడు టన్నుకు 40 కిలోల దాకా పడుతుంది. వదులు ఊక ఘనపు మీటరు నూరు కిలోలకు కాస్త ఎక్కువ తూగితే, పెల్లెట్లు 600 కిలోలు దాటుతాయి. ఊకను గుళిక కట్టడంలో అసలు లాభం ఈ రవాణాలోనే ఉంది. అప్పుడు కూడా లారీ పొగ మొత్తం లెక్కలో చిన్న అంకెగానే మిగులుతుంది.

పెద్ద అంకె వేరే చోట ఉంది. 2021 అక్టోబరులో కేంద్ర విద్యుత్ శాఖ బొగ్గు విద్యుత్ కేంద్రాల్లో అయిదు శాతం బయోమాస్ పెల్లెట్లు కలిపి కాల్చాలని విధానం ప్రకటించింది. ముఖ్యంగా పంట వ్యర్థాలతో చేసిన పెల్లెట్ల కోసం. ఉత్తరాదిలో గడ్డి తగలబెట్టడం ఆపడానికి పుట్టిన ఆలోచన అది. ఢిల్లీ పక్కన దాద్రీ ఎన్‌టీపీసీ కేంద్రంలో 2017లోనే ప్రయోగం మొదలైంది. పంజాబులో తగలబెట్టే గడ్డికి ఇది సరిపోయే లెక్క. డెల్టా ఊక విషయంలో మరో ప్రశ్న ముందు అడగాలి: ఆ ఊకను ఇంతకుముందు ఎవరు కాల్చేవారు? ఒకప్పుడు మిల్లు వెనక కుప్పగా పడి ఉండి, తీసుకుపోయేవాడే దిక్కైన ఊకకు ఇవాళ ధర పలుకుతోంది. ధర పలికే సరుకు వ్యర్థం కాదు, దానికి అప్పటికే ఒక పొయ్యి ఉన్నట్టు. తాడేపల్లిగూడెం ఊక పెల్లెట్లై థర్మల్ కేంద్రానికి పోతే, నిన్నటిదాకా ఆ ఊకతోనే కాలిన ఇటుక బట్టీ బొగ్గుకు మళ్లితే, అక్కడ తప్పిన బొగ్గు ఇక్కడ కాలినట్టే. దేశం మొత్తం మీద మిగిలేది పెల్లెట్ చేసిన కరెంటు, లారీ డీజిల్. పుస్తకంలో మాత్రం రెండు చోట్లా ఊక పేరున సున్నాయే కనిపిస్తుంది. 2000 ప్రాంతంలో రాష్ట్రంలో సంప్రదాయేతర ఇంధన సంస్థ ప్రోత్సాహంతో ఆరేసి మెగావాట్ల బయోమాస్ విద్యుత్ కేంద్రాలు చాలా వెలిసినప్పుడు, వాటిలో ఎన్నో ఇంధనం ధర పెరిగి ఇబ్బంది పడ్డాయి. ఊక మీద ఆశ పెట్టుకున్నవాళ్లు తామొక్కరే కాదని ఆ కేంద్రాలు ఆలస్యంగా తెలుసుకున్నాయి.

వరిగడ్డి కథ కొంచెం వేరు. కోత మిషన్ వచ్చాక డెల్టాలో గడ్డిమేట్లు పలచబడ్డాయి. దాళ్వా కోసిన చేలో మిషన్ వదిలేసిన గడ్డిని తగలబెట్టడం అలవాటైంది. ఎటూ చేలోనే కాలిపోయే గడ్డి బాయిలర్‌లో కాలితే నష్టమేమీ లేదు, పొగ కూడా తగ్గుతుంది. చేలో దున్నేసే గడ్డి సంగతి అలా కాదు. టన్ను గడ్డితో పాటు పది పదిహేను కిలోల పొటాషియం పొలం దాటి పోతుంది. దాని బదులు ఎరువు బస్తా కొనాలి. ఆ పొటాషియం, గడ్డిలోని క్లోరిన్ కలిసి బాయిలర్ గొట్టాలకు గట్టి చిట్టెంలా అంటుకుంటాయి కూడా. మిల్లువాళ్లు ఊకకు మొగ్గి గడ్డిని దూరంగా ఉంచడానికి ఇదొక కారణం.

మెట్ట కట్టె

కొల్లేటి నుంచి ఏలూరు మీదుగా ఉత్తరంగా పోతే చేపల చెరువులూ వరిచేలూ దాటాక నేల ఎత్తుగా, తేలికగా మారుతుంది. జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం, గోపాలపురం, దేవరపల్లి: పొగాకు బోర్డు వేలం కేంద్రాలున్న ఊళ్లు. ఇక్కడి వర్జీనియా పొగాకును బ్యారన్‌లో ఆరబెడతారు. ఆకులు కట్టిన కర్రలను వరసలుగా వేలాడదీసి, కింద ఇనప గొట్టాల గుండా మంట వేడిని తిప్పుతారు. మొదట ఆకు పసుపు తిరిగేదాకా శరీరపు వేడికి కాస్త అటూ ఇటూగా ఉంచి, రంగు నిలిచాక పెంచుకుంటూ పోయి, చివరికి ఈనె ఎండేసరికి 70 డిగ్రీల దాకా తెస్తారు. ఐదారు రోజులు రాత్రింబవళ్లు పొయ్యి ఆరకూడదు. ఆరిన ఆకు బరువుకు ఎన్నో రెట్లు కట్టె ఈ పొయ్యి తింటుంది. కొల్లేటి సీమలో 'కట్టెతో గది వెచ్చబెట్టడం' అన్న మాట అక్షరాలా వర్తించేది ఈ ఒక్క పనికే.

ఆ కట్టె సరుగుడు, జామాయిలు, సుబాబుల్. ఒక్కోసారి కాపు ఉడిగిన మామిడి, జీడిమామిడి. వీటిలో ప్రతిదానికీ లెక్క వేరు. నాలుగెకరాల జామాయిలు తోట ఉన్న రైతు ఏటా ఒక ఎకరం నరికి, అయిదో ఏడు మళ్లీ మొదటి ఎకరానికి వస్తాడనుకుందాం. మొదలు నుంచి పిలకలు వస్తాయి, వేళ్లు నేలలోనే ఉంటాయి. ఏ ఏడాది చూసినా తోటలో నిలిచి ఉన్న కార్బన్ దాదాపు ఒకటే. ఒక ఎకరం పొగ గాలిలోకి పోతుంటే మిగతా మూడు ఎకరాలూ అంతే తీసుకుంటుంటాయి. ఈ తోట కట్టె తటస్థానికి చాలా దగ్గర. తోట వేయకముందు ఆ నేలలో ఏముందన్నది వేరే ప్రశ్న. బీడైతే రైతు అదనంగా కార్బన్ నిలిపినట్టు. దట్టమైన తుప్పల అడవి కొట్టి వేసిన తోటైతే, ఆ అడవిలో పోయిన కార్బన్ అంతా తోట నెత్తిన అప్పుగా కూర్చుంటుంది. నాలుగేళ్లకోసారి నరికే తోట ఆ అప్పును ఎన్నటికీ పూర్తిగా తీర్చలేదు, ఎందుకంటే అది అడవంత బరువుకు ఎప్పటికీ పెరగదు.

ముసలి మామిడి తోటది ఊక లాంటి లెక్క. కాపు ఉడిగాక ఎటూ కొట్టేసేదే. బ్యారన్‌లో కాలకపోతే మరో పొయ్యిలో కాలుతుంది, లేదా చెదపడుతుంది. అడవి నుంచి వచ్చే కట్టెది దీనికి పూర్తిగా ఎదురు. అరవై ఏళ్లు పెరిగిన చెట్టు ఐదు రోజుల్లో పొగైపోతే, దాని చోట మొలిచిన మొక్క అంతటిదయ్యేదాకా ఆ కార్బన్ గాలిలోనే తిరుగుతుంటుంది. అసలు నరకకుండా ఉంటే ఆ చెట్టు ఇంకా కొంత పెరిగేదన్నది కూడా అప్పు పద్దులోనే పడాలి.

సుబాబుల్, జామాయిలుకు ఇంకొక గిరాకీ ఉంది: రాజమహేంద్రవరం, సారపాక కాగితం మిల్లులు. కట్టెకు పోటీ పెరిగినప్పుడు ఊక దగ్గర అడిగిన ప్రశ్నే ఇక్కడా వస్తుంది. ధర పెరిగి రైతులు బీడులో కొత్తగా తోటలు వేస్తే కార్బన్ జమ పెరుగుతుంది. ధర పెరిగి దొంగచాటుగా అడవి కట్టె దిగితే తరుగుతుంది. రెండూ ఒకే ఏడాదిలో జరగవచ్చు కూడా.

పెల్లెట్ వల్ల బ్యారన్‌కు ఒరిగేదేమిటంటే తేమ తగ్గడం. పచ్చి కట్టెలో సగం నీరే ఉంటుంది, పెల్లెట్‌లో పది శాతం లోపు. అయితే ఆ నీటిని ఎక్కడో ఒకచోట పోగొట్టాలి. పచ్చి కట్టెతో టన్ను పెల్లెట్లు చేయాలంటే దాదాపు 800 కిలోల నీరు తీయాలి. యంత్రంలో ఆరబెడితే పెల్లెట్‌లో ఉండే 17 గిగాజౌళ్లలో ఆరో వంతు దానికే సరి. చలిదేశాల్లో ఈ పనికి మళ్లీ కట్టెనే కాలుస్తారు. మెట్టలో చైత్ర వైశాఖాల ఎండ ఆ పని ఊరికే చేసిపెడుతుంది. బ్యారన్ రైతు కట్టెను ముందే కొని ఎండబెట్టుకుంటే పెల్లెట్ లాభంలో చాలా భాగం పైసా ఖర్చు లేకుండా దక్కుతుంది. బ్యారన్ పైకప్పునూ గోడల సందులనూ వేడి పోకుండా మూస్తే, మిగిలేది అసలు కాల్చని కట్టె.

పెల్లెట్ దేశాలు

1973 చమురు సంక్షోభం తర్వాత అమెరికాలో, స్వీడన్‌లో పెల్లెట్లు మొదలైనప్పుడు ముడిసరుకు కోత మిల్లుల రంపపు పొట్టు. అది అచ్చంగా మన ఊక లెక్కే. గిరాకీ పెరిగాక పొట్టు చాలలేదు. ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో డ్రాక్స్ విద్యుత్ కేంద్రం 2013 నుంచి 2018 మధ్య ఆరింటిలో నాలుగు బొగ్గు యూనిట్లను పెల్లెట్లకు మార్చుకుంది. వాటికి కావలసిన పెల్లెట్లలో చాలా భాగం అమెరికా దక్షిణ రాష్ట్రాల నుంచి ఓడల్లో వస్తుంది. ఆ స్థాయిలో రంపపు పొట్టుతో పాటు దుంగలు కూడా పెల్లెట్ మిల్లుకు వెళ్తాయి. ఓడ పొగ కూడా మన లారీ పొగ లాగే చిన్న అంకె. ప్రశ్న ఆ దుంగ గురించే.

మసాచుసెట్స్ రాష్ట్రం అడిగితే మానొమెట్ సంస్థ 2010లో ఈ అప్పును ఏళ్లలో లెక్క కట్టింది. అక్కడి అడవుల కట్టెను చమురు బదులు వేడి కోసం వాడితే అప్పు తీరడానికి సుమారు 5 ఏళ్లు. బొగ్గు కరెంటు బదులు వాడితే 21 ఏళ్లు. సహజవాయువు కరెంటు బదులైతే 90 ఏళ్లు దాటుతుంది. కట్టె అదే, అడవీ అదే. అది తప్పించే ఇంధనం మారేసరికి జవాబు మారిపోయింది. సహజవాయువు లాంటి తక్కువ కార్బన్ ఇంధనాన్ని తప్పించి లాభం చూపడం కష్టం. కట్టెను కరెంటుకు వాడితే మూడింట రెండొంతుల వేడి వృథా అవుతుంది. నేరుగా వేడికి వాడితే చాలా భాగం పనికొస్తుంది. అందువల్ల థర్మల్ కేంద్రంలో పెల్లెట్ కంటే మిల్లు బాయిలర్‌లో పెల్లెట్ లెక్క మెరుగ్గా తేలుతుంది. గోదావరి డెల్టా మిల్లులు ఊకను తమ ఆవరణలోనే కాల్చుకోవడం వెనక ఈ లెక్క లేదు, లారీ కిరాయి లెక్కే ఉంది. ఫలితం మాత్రం ఒకటే.

కొల్లేటి కలుపు

కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు దీనిలో కలుస్తాయి, ఉప్పుటేరు దీన్ని సముద్రానికి చేరుస్తుంది. 1999లో అయిదో కాంటూరు వరకూ అభయారణ్యం చేశారు. 2002లో రామ్‌సార్ జాబితాకెక్కింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లు కొట్టేశారు. సరస్సు మీద గుర్రపుడెక్క, తూటికాడ, కిక్కిస ఏటా పెరిగి పడవ దారులను మూసేస్తుంటాయి. కొల్లేటికోట లాంటి లంక ఊళ్లకు ఇది రోజూ కళ్లెదుట ఉండే బెడద. ఈ కలుపును ఏరి పెల్లెట్లు చేస్తే రెండు పనులూ అవుతాయని ఎవరికైనా తోస్తుంది.

కార్బన్ వైపు నుంచి ఆలోచన మంచిదే. గుర్రపుడెక్క వారాల్లో రెట్టింపవుతుంది, చచ్చాక నీటి అడుగున గాలి అందక కుళ్లి మీథేన్ వదులుతుంది. కాల్చితే ఆ మీథేన్ తప్పుతుంది. అడ్డు వచ్చేది నీరు. టన్ను గుర్రపుడెక్కలో 940 కిలోల వరకూ నీరే. మిగిలే 60 కిలోల పదార్థంలో ఉన్న వేడి సుమారు 0.9 గిగాజౌళ్లు. దాన్ని మంట మీద ఆరబెట్టాలంటే ఆవిరి చేయడానికే 2 గిగాజౌళ్లు కావాలి. వచ్చేదానికి రెట్టింపు పెట్టుబడి. ఎండలో ఆరబెట్టాలంటే 16 టన్నులు మోసి, పరిచి, తిప్పితే ఒక టన్ను ఎండుసరుకు మిగులుతుంది. సరస్సు గట్టు మీద అంత జాగా ఉండదు, ఉన్న జాగాలో చేపల వలలు ఆరుతుంటాయి. తడి కలుపును తడిగానే గోబర్ గ్యాస్ తొట్టిలో వేసి, పుట్టే మీథేన్‌ను పట్టి వాడటమే దానికి తగిన దారి. కిక్కిస మాత్రం కొంత నయం. పొడికాలంలో నిలువునే ఎండుతుంది.

కొల్లేటికి సంబంధించి ఇంకొక పద్దు నేల అడుగున ఉంది. నీటి కింద బురదలో ఏళ్ల తరబడి పేరుకున్న ఆకు అలమకు గాలి తగలదు కాబట్టి పూర్తిగా కుళ్లదు. అందులోని కార్బన్ అక్కడే నిలిచిపోతుంది. నీరు తీసి ఆ నేలను ఆరబెడితే గాలి సోకి అది కార్బన్ డయాక్సైడుగా పోవడం మొదలవుతుంది. ఇంధనపు తోటల కోసం ఇలాంటి పల్లపు నేలను ఆరబెడితే మొదటి మొక్క నాటకముందే అప్పు మొదలవుతుంది. ఇండొనేషియాలో పీట్ నేలలను ఆరబెట్టి వేసిన ఆయిల్ పామ్ తోటల మీద వచ్చిన పెద్ద అభ్యంతరం ఇదే. పెదవేగి వైపు ఆయిల్ పామ్ తోటలు మెట్ట నేలలో ఉన్నాయి కాబట్టి వాటికి ఆ అప్పు లేదు. అక్కడి నూనె మిల్లులో గెలల పీచు, గింజ చిప్ప బాయిలర్‌కు పోతే అది ఊక లెక్కే.

పొగలో కార్బన్ డయాక్సైడు ఒక్కటే ఉండదు. సరిగా మండని కట్టె నుంచి వచ్చే మసి సూర్యరశ్మిని పీల్చి గాలిని వేడెక్కిస్తుంది, ఊపిరితిత్తుల్లో దిగుతుంది. మట్టి పొయ్యి కట్టెలోని వేడిలో పదో వంతు కంటే కాస్త ఎక్కువను మాత్రమే గిన్నెకు అందిస్తుంది. రాష్ట్రంలో 1999లో దీపం పథకం, దేశమంతా 2016లో ఉజ్వల పథకం వంటగ్యాస్‌ను ఇళ్లలోకి తెచ్చాయి. కార్బన్ లెక్క ఎలా తేలినా, మూసిన వంటింట్లో కట్టె కంటే గ్యాస్ మేలన్నదానిలో సందేహం లేదు. ఫ్యాన్ బిగించిన పెల్లెట్ పొయ్యి ఆ పొగను బాగా తగ్గిస్తుంది గానీ పూర్తిగా పోగొట్టదు. మిల్లు బాయిలర్‌లో పొగను వడగట్టవచ్చు; వడగట్టని చోట ఊక నుసి ఎగిరి పక్కిళ్ల దండేల మీది బట్టలపై వాలుతుంది.

చివరి పద్దు బూడిదది. బాగా మండిన ఊక బూడిద తెల్లగా గానీ బూడిద రంగులో గానీ ఉంటుంది. మంట చాలకపోతే నల్లగా మిగులుతుంది. ఆ నలుపు కాలకుండా ఉండిపోయిన కార్బన్. మిల్లు యజమానికి అది నష్టం, పొయ్యిలో వేసిన వేడిలో కొంత బూడిదగుంటలో పారబోసినట్టు. నారుమళ్లలో చల్లే నల్ల బూడిదలోని కార్బన్ మాత్రం మామూలు గడ్డి లాగా కుళ్లదు, దశాబ్దాల పాటు మట్టిలోనే ఉండిపోతుంది. వరి పైరు గాలిలోంచి తీసుకున్న కార్బన్‌లో గాలికి తిరిగి పోకుండా మిగిలే కాసింత ఇదే.